సొరకు ఎడమ పక్కన: దక్షిణ ఆరి అటోల్‌లో ఒక పడవ పద్ధతి మారిన తీరు

డైవింగ్ గైడ్లకు, పడవ సిబ్బందికి శిక్షణ ఇవ్వడం నా వృత్తి. విశాఖలో నేర్చుకున్న ఈ పనిని ఎక్కువగా మాల్దీవుల్లో చేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది అక్కడి దక్షిణ ఆరి అటోల్‌లో, అంటే వలయంలా పేర్చినట్టున్న పగడపు దీవుల సముదాయంలో, ఉన్న ఒక చిన్న గెస్ట్‌హౌస్ కేసు. యజమాని అనుమతితో రాస్తున్నాను. దీవి పేరు, మనుషుల ఆనవాళ్లు, ఏ సంవత్సరమో పట్టిచ్చే వివరాలు తీసేశాను. తిమింగల సొరలతో అతిథులను ఈత కొట్టించే వ్యాపారంలో ఎక్కడికి వెళ్లినా ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది: నియమాలున్నాయి, అతిథులే పాటించడం లేదు అని. ఈ కేసులో ఆ మాట నిలవలేదు. సొరను తరుముతున్నది అతిథుల మొండితనం కాదు. పడవ మీద డబ్బు ఎవరికి ఎప్పుడు అందుతుంది, నీటిలో ఎవరు ఎక్కడ దిగుతారు అన్న రెండు ఏర్పాట్లే అందుకు కారణం.

నేపథ్యం

తిమింగల సొర ప్రపంచంలోని చేపలన్నింటిలోకీ పెద్దది. అంత పెద్ద నోరున్నా అది తినేది ప్లవకాలు (నీటిలో తేలాడే చిన్న జీవులు), చిన్న రొయ్యలు, చేప గుడ్లు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2016లో దీన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. మాల్దీవుల్లో ఒకప్పుడు దీన్ని కాలేయపు నూనె కోసం వేటాడేవారు. ఆ నూనెను దోనీలనే చెక్క పడవలకు పూసేవారు. 1995లో ఈ జాతి వేటను, 2010లో సొరచేపలన్నింటి వేటనూ అక్కడ నిషేధించారు. 2009లో దక్షిణ ఆరి అటోల్ అంచున 42 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ప్రపంచంలో చాలాచోట్ల తిమింగల సొరలు ఏడాదిలో కొన్ని నెలలే కనిపిస్తాయి. ఇక్కడ ఏడాది పొడవునా కనిపిస్తాయి. కనిపించేవి దాదాపు అన్నీ ఇంకా ఎదుగుతున్న మగ సొరలు. రీఫ్ (పగడపు దిబ్బ) బయటి అంచు వెంట, ఉపరితలానికి దగ్గరగా, నెమ్మదిగా ఈదుతుంటాయి. ఎందుకలా అన్నదానికి పరిశోధకులు చెప్పే వివరణ ఒకటుంది. ఈ చేప కిలోమీటరుకు పైగా లోతుకు దిగగలదు. అక్కడి నీరు చాలా చల్లన. చేప శరీరం తన వేడిని తాను నిలుపుకోలేదు కాబట్టి, పైకి వచ్చి వెచ్చటి నీటిలో ఒళ్లు కాచుకుంటుంది. ఈ వివరణ సరైనదైతే పైన గడిపే సమయం దానికి విశ్రాంతి సమయం. మనం బెదరగొట్టి లోతుకు పంపినప్పుడల్లా ఆ విశ్రాంతిని మధ్యలో తెంచేస్తున్నాం. ఈ కేసులో నా నిర్ణయాలన్నింటికీ ఇదే ఆధారం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2014లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఈ రక్షిత ప్రాంతంలో తిమింగల సొరలను చూడడానికి ఏటా 72,000 నుంచి 78,000 మంది వచ్చారు. వారు పెట్టిన ఖర్చు 2012లో 76 లక్షల డాలర్లు, 2013లో 94 లక్షల డాలర్లు. స్థానికులు నివసించే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు పెరిగాక చిన్న కుటుంబాలకూ ఈ ఆదాయంలో వాటా దొరికింది. అది మంచి మార్పేనని నా నమ్మకం. చేపను చంపకుండా బతికే దారి చేపలు పట్టేవాళ్ల పిల్లలకు దొరికింది. అందుకే ఈ యాత్రలు మానేయమని నేను ఎవరికీ చెప్పను.

సమస్య

యజమాని నన్ను పిలిచింది గైడ్లకు 'అతిథులను అదుపు చేయడం' నేర్పించమని. ఆన్‌లైన్‌లో అతిథులు రాసే అభిప్రాయాలు చెడిపోతున్నాయి. సొర కంటే పక్కవాళ్ల కాళ్లే ఎక్కువ కనిపించాయని ఒకరు, మాస్కు మీద తన్ను తిన్నానని ఒకరు, నీటిలోకి దిగేసరికే అది వెళ్లిపోయిందని చాలామంది రాశారు. అవి చదివాక నాకు ఒకటి స్పష్టమైంది: అతిథి నష్టమూ సొర నష్టమూ ఇక్కడ ఒకటే. సొర నెమ్మదిగా ఉంటేనే అతిథికి తృప్తి. కాబట్టి సొర పక్షాన అడిగేదేదీ యజమానికి వ్యతిరేకంగా అడగనక్కర్లేదు.

శిక్షణ వెంటనే మొదలుపెట్టకుండా కొన్ని యాత్రల్లో ఊరికే గమనిస్తానన్నాను. యజమానికి అది జాప్యంగా అనిపించింది. కానీ నీటి పైనుంచి చూసేవారికి గుంపు మాత్రమే కనిపిస్తుంది. సొర ఏం చేస్తున్నదో కనిపించదు. నేను రెండు విషయాలు రాసుకున్నాను: మొదటి మనిషి నీటిలో పడ్డప్పటి నుంచి సొర వెళ్లిపోయేదాకా ఎంతసేపు పట్టింది, అది ఎలా వెళ్లింది. రెండోది ముఖ్యం. తన దారిన మెల్లగా లోతుకు జారే సొర వేరు, నిటారుగా కిందికి దూకే సొర వేరు. దూకే ముందు సంకేతాలు ఉంటాయి. కళ్లను లోపలికి తిప్పుకుంటుంది. మనుషులున్న వైపు వీపు ఒగ్గి ఒరుగుతుంది. దాని వీపు చర్మం చాలా మందం కాబట్టి అది రక్షణ భంగిమ. కొన్నిసార్లు ఒళ్లంతా ఒక్కసారి జలదరిస్తుంది. ఇవి తెలిసిన గైడుకు సొర ఇబ్బంది పడుతున్నదని అది వెళ్లకముందే తెలుస్తుంది.

చూసిందేమిటంటే, పడవ సొరను దాటి ముందుకు వెళ్లి దాని దారికి అడ్డంగా ఆగుతుంది. అందరూ ఒక్కసారే దూకుతారు. ఆ చప్పుడు, నురగ, కాళ్లు సరిగ్గా సొర ముఖం ముందు. సొర పక్కకు తిరుగుతుంది. గుంపు రెండుగా చీలి రెండు వైపులా చేరుతుంది. దానికి మిగిలిన దారి కిందికే. ఇందులో అతిథులు తెంచిన నియమాలు చాలా తక్కువ. వాళ్లను దింపిన చోటే తప్పు చోటు.

కెప్టెన్‌ను అడిగాను, ఎందుకంత ముందుకు వెళ్తారని. ఆయన దాపరికం లేకుండా చెప్పారు: "పది నిమిషాల్లో మరో అయిదారు పడవలు వస్తాయి. మా వాళ్లు చూడకపోతే ఆ రోజు టిప్పు లేదు. యజమానికి ఫోన్లు వస్తాయి." సొర కనిపించిన రోజు సిబ్బందికి వచ్చే టిప్పు, కనిపించని రోజు వచ్చేదానికి ఎన్నో రెట్లు. గెస్ట్‌హౌస్ ప్రకటనలో 'ఖాయం' అన్న మాట ఉంది. ఆ మాటకు వెల ఆ కెప్టెన్ నడిపే వేగంలో చెల్లుతోంది.

ముందు చేసిన ప్రయత్నాలు

యజమాని కోరిక మేరకు మొదట బోధనే పెంచాం. మాల్దీవుల్లో పాటించమనే నడవడి నియమాలు తేలికైనవే: తాకకూడదు, ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్ల దూరం ఉండాలి, ఫ్లాష్ వాడకూడదు, దారికి అడ్డం రాకూడదు. బొమ్మల పలక తయారుచేసి పడవ కదిలే ముందు తీరికగా చెప్పించాం. అందరూ తల ఊపారు. నీటిలోకి దిగాక ఏ మార్పూ లేదు.

దూరం అంచనా వేయలేకపోవడమే కారణమని మొదట గైడ్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. నీటిలో మాస్కు అద్దంలోంచి చూసినప్పుడు వస్తువు అసలు దూరంలో మూడు వంతులకే, అంటే నాలుగు మీటర్లకు బదులు మూడు మీటర్లకే ఉన్నట్టు కనిపిస్తుంది. కంటి పొరపాటే అయితే అతిథులు చెప్పినదానికంటే దూరంగా ఆగాలి. వాళ్లు దగ్గరికే వెళ్తున్నారు. అంటే లోపం కంటిది కాదు. తొలిసారి లోతు సముద్రంలో దిగిన మనిషికి కింద నేల కనిపించదు, ఊపిరి తడబడుతుంది, ఎదురుగా ఇంటి గోడంత ప్రాణి. ఆ క్షణంలో 'వద్దు' అన్న మాటలు గుర్తుండవు. ఎక్కడ ఉండాలో, ఏం చేయాలో మాత్రమే పట్టుకుని ఈదగలడు. మేం చెప్పినవన్నీ 'వద్దు'లే.

తర్వాత యజమాని దండన పెట్టమన్నారు: తాకినవారిని వెంటనే పడవ ఎక్కించాలి. సూత్రంగా నాకు అభ్యంతరం లేదు, ఇప్పటికీ ఆ నియమం ఉంది. కానీ దాన్నే ప్రధాన సాధనంగా చేసుకున్నప్పుడు గైడు చూపు సొర మీద నుంచి మనుషుల మీదికి మళ్లింది. సొర కన్ను తిప్పుకోవడం, ఒరగడం చూసేవారే లేకపోయారు. కుటుంబం ముందు ఒకరిని పైకి పంపితే ఆ కుటుంబమంతా మూగబోయేది. సిబ్బంది కొన్నాళ్లకు ఆ నియమాన్ని మెల్లగా పక్కన పెట్టారు. వాళ్ల జీతాన్ని తగ్గించే నియమాన్ని వాళ్ల చేతే అమలు చేయించాలనుకోవడం నిలబడే పని కాదు.

ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక తెలుగు కుటుంబంతో మాట్లాడాను. ఆ పెద్దాయన సౌమ్యుడు, జంతువులంటే ప్రేమ ఉన్నవాడు. "ఇంత దూరం వచ్చాం బాబూ, ఒక్కసారి చెయ్యి వేస్తే దానికి ఏమవుతుంది?" అన్నారు. "మీరొక్కరే అయితే ఏమీ కాకపోవచ్చండీ. ఇవాళ దాని చుట్టూ చేరే ప్రతివారూ ఒక్కసారే అనుకుంటారు" అన్నాను. ఆయన ఫోను తీసి, యాత్ర బుక్ చేసుకున్నప్పుడు ఏజెంటు పంపిన ఫోటో చూపించారు. అందులో ఒకమ్మాయి సొర వీపు మీద చెయ్యి వేసి ఉంది. "ఇదే కదా మాకు చూపించింది" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. నెలల ముందు ఆ ఫోటో చేసిన వాగ్దానాన్ని పడవ మీద అయిదు నిమిషాల బోధన చెరిపేయలేదు.

మరో ప్రతిపాదన యజమాని బంధువు నుంచి వచ్చింది: మేత వేసి సొరను ఒకచోట నిలిపితే వెంటాడే పనే ఉండదు కదా అని. ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్‌లో అలా చేస్తారు. పడవల మీద నుంచి చిన్న రొయ్యలు వేస్తే సొరలు అక్కడే తిరుగుతాయి, రోజూ జనం బారులు తీరుతారు. అదే దేశంలో దోన్సోల్‌లో మేత లేకుండా, ఒక్కో సొర దగ్గర దిగే మనుషుల సంఖ్యకు హద్దు పెట్టి నడుపుతున్నారు. మేతకు నేను గట్టిగా వద్దన్నాను. పడవ చప్పుడంటే తిండి అని నేర్చుకున్న సొర పడవ దగ్గరికి వస్తుంది. దక్షిణ ఆరిలో రీఫ్ అంచు వెంట రోజంతా వేగపు పడవలు తిరుగుతాయి. అక్కడి సొరల్లో చాలా వాటి వీపు మీద, రెక్కల మీద పడవ దెబ్బల మచ్చలు ఇప్పటికే ఉన్నాయి. అలాంటి చోట సొరకు పడవను మాలిమి చేయడమంటే దాన్ని పడవను నడిపే ఇంజను పంకా కిందికి పిలవడమే. యజమాని ఇది విన్నాక మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పనిచేసినవి

ముందుగా డబ్బు దారి మార్చాం. నీటిలో ఏ మార్పైనా దీని తర్వాతే అని నేను పట్టుబట్టాను. ఇందుకు నాకు గుజరాత్ తీరం ఉదాహరణగా కనిపించింది. మన దేశంలో 2001లో తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో చేర్చారు. కానీ వలలో పడ్డ సొరను వదలాలంటే జాలరి తన వలను తానే కోసుకోవాలి. ఆ వల ఖరీదు అతనిదే అయినన్నాళ్లూ చట్టం కాగితం మీదే ఉంటుంది. 2004 నుంచి అక్కడ సాగిన ప్రచారంతో పాటు కోసిన వలకు పరిహారం ఇచ్చే ఏర్పాటు వచ్చింది. ఒకప్పుడు వేటాడిన తీరంలోనే ఇప్పుడు వదిలేస్తున్నారు. మా విశాఖ దగ్గర తంతడి తీరంలో కూడా 2021 డిసెంబరులో వలలో పడ్డ పెద్ద సొరను అటవీ శాఖవారు, జాలరులు కలిసి సముద్రంలోకి పంపారు. సొరను కాపాడే మనిషి మీద దాని నష్టం పడకూడదు. దోనీ మీద పనిచేసేవారి విషయంలోనూ ఇదే లెక్క.

టిప్పులన్నీ ఒక పెట్టెలో వేసి నెలాఖరున యాత్రల సంఖ్యను బట్టి పంచడం మొదలుపెట్టారు. సొర కనిపించినా కనిపించకపోయినా కెప్టెన్ వాటా ఒకటే. ప్రకటనలో 'ఖాయం' తీసేశారు. రీఫ్ మీద ఈత, తాబేళ్లు, భోజనం కలిపి రోజంతా సాగే సముద్ర యాత్రగా అమ్మారు. సొరను తాకుతున్న, సొరకు ఎదురుగా ఉన్న ఫోటోలన్నీ తొలగించి, పక్క నుంచి దూరంగా తీసినవి పెట్టారు. అతిథి తాను చూసిన ఫోటోనే మళ్లీ తీయాలనుకుంటాడు కాబట్టి ఇది అలంకారం కోసం చేసిన మార్పు కాదు. ఒక ఏజెంటు అతిథులను పంపడం మానేశాడు. ఆ సీజను ఆదాయం తగ్గింది. యజమాని ఆందోళన పడ్డారు, కానీ వెనక్కి తగ్గలేదు. ఈ కేసులో అన్నింటికంటే కష్టమైన నిర్ణయం అదే, అది ఆయనదే.

తర్వాత నీటిలో చోటు. ఆరుగురికి మించకుండా జట్లు; ఒక జట్టు నీటిలో ఉంటే రెండోది పడవ మీద. ఇంజను గేరు తీసి, సొరకు బాగా పక్కగా, కొంచెం వెనకగా, కూర్చుని జారినట్టు దిగడం. ముందు గైడు దిగి సొర ముందు రెక్కకు సూటిగా పక్కన ఈదుతాడు. అతన్ని దాటి ఎవరూ ముందుకు పోరాదు. అతిథి మూడు మీటర్లు కొలవనక్కర్లేదు, గైడు భుజానికి వెనక ఉంటే చాలు. ఈత సరిగా రానివారిని ముందురోజే లగూన్‌లో (దిబ్బ లోపలి ప్రశాంతమైన నీటిలో) చూసి, గాలి కాలరు లాంటి తేలే సాధనం ఇచ్చి, ఒక సిబ్బంది పక్కన ఉంచాం. భయపడ్డ మనిషి దగ్గరున్న దేన్నైనా పట్టుకుంటాడు, అది సొరైనా సరే.

వీటన్నింటినీ నిలబెట్టింది మాత్రం అతిథులకు ఇచ్చిన పని. తిమింగల సొర ఒంటి మీది చుక్కలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. మొప్పల వెనక, ముందు రెక్కకు పైన ఒంటి మీద ఉన్న చుక్కల అమరికతో ఒక్కో సొరను గుర్తుపడతారు. ఆనవాయితీగా ఎడమ పక్క ఫోటో అడుగుతారు. ఆకాశంలో నక్షత్రాల అమరికలను పోల్చే గణిత పద్ధతినే మార్చి ఈ చుక్కలకు వాడవచ్చని 2005లో నిరూపించారు. మాల్దీవుల్లో 2006 నుంచి పనిచేస్తున్న పరిశోధన బృందం ఇలాంటి ఫోటోలను స్వీకరిస్తుంది. పడవ మీద బోధనను దీని చుట్టూ తిరగరాశాం. 'ఎడమ పక్కకు వెళ్లండి, మొప్పల వెనక చుక్కలు కనిపించేలా, ముందు రెక్క మొత్తం పడేలా ఫోటో తీయండి. దగ్గరికి వెళ్తే రెక్క పట్టదు, ఫోటో పనికిరాదు' అని చెప్పడం మొదలుపెట్టాం. 'వద్దు' అన్న మాట దాదాపు లేకుండానే ఆరుగురూ ఒకే వైపు, సరైన దూరంలో, ముఖానికీ తోకకూ దూరంగా చేరారు. సొరకు రెండో వైపంతా ఖాళీ. సాయంత్రం ఆ ఫోటోలు చూసి ఇది ఇదివరకు నమోదైన సొరేనా అని వెతకడం గెస్ట్‌హౌస్‌లో అందరూ ఎదురుచూసే పని అయింది.

ఒక చిక్కు వచ్చింది. దక్షిణపు అంచున సొర తూర్పుకు ఈదుతుంటే ఎడమ పక్క రీఫ్ వైపు ఉంటుంది. లోతు సముద్రం కుడి వైపు తెరిచి ఉంటుంది. అదే సొర పడమరకు వెళ్తుంటే ఎడమ పక్కకు చేరిన మనుషులు సొరకూ లోతుకూ మధ్య గోడ కడతారు. అప్పుడేం చేయాలని గైడ్లు అడిగారు. లోతు వైపు దారి మూయకూడదన్నదే మొదటి నియమం, ఫోటో తర్వాత అని తేల్చాం. అలాంటప్పుడు రీఫ్ వైపు నుంచే కుడి పక్క తీస్తారు. అదీ పనికొస్తుంది. ఈ ప్రశ్న నా నుంచి కాక వాళ్ల నుంచి రావడం నాకు చాలా సంతోషం కలిగించింది. పద్ధతి వాళ్లదైందని అప్పుడే నమ్మాను.

అరకొరగా మిగిలినవి

ఇతర పడవల సంగతి తేలలేదు. ఆస్ట్రేలియాలోని నింగలూలో సొర చుట్టూ 250 మీటర్ల పరిధిలో ఒక్క పడవే ఉండాలి, నీటిలో పదిమందికి మించరాదు. లైసెన్సు ఉన్నవారే నడపాలి, కాబట్టి అది నిలుస్తుంది. ఇక్కడ మేం కెప్టెన్ల ఫోను బృందం పెట్టి వంతులు అనుకున్నాం. గెస్ట్‌హౌస్ దోనీలు చాలావరకు పాటించాయి. వేళకు తిరిగి వెళ్లాల్సిన పెద్ద పడవలు పాటించలేదు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా రద్దీ కాలంలో ఆ ఒప్పందం తరచూ చెదిరిపోయేది. చివరికి మా చేతిలో ఉన్నది ఒక్కటే నిర్ణయం: అప్పటికే రెండు పడవల మనుషులు నీటిలో ఉంటే మన వాళ్లను దింపం. టిప్పుల పద్ధతి మారకముందు ఈ మాట ఏ కెప్టెనూ వినేవాడు కాదు. ఇప్పుడు కెప్టెనే అతిథులకు కారణం చెప్పి పడవ తిప్పుతున్నాడు. చాలామంది ఒప్పుకుంటున్నారు, కొందరు అలుగుతున్నారు.

ఫలితం గురించి జాగ్రత్తగా చెప్పాలి. మా జట్లతో ఉన్నప్పుడు సొరలు ఎక్కువసేపు పైన ఉండడం, నిటారుగా దూకకుండా మెల్లగా జారి వెళ్లడం గైడ్ల పుస్తకంలో కనిపిస్తుంది. రాసింది ఈ మార్పు కోరుకున్నవాళ్లే కాబట్టి దానికి తగిన తగ్గింపు వేసుకోవాలి. సొరల సంఖ్య మీద దీని ప్రభావం చెప్పడానికి ఒక్క గెస్ట్‌హౌస్ చాలదు. అతిథుల అభిప్రాయాలు బాగుపడ్డాయి, మరుసటి సీజనుకు ఆదాయం కోలుకుంది. సొర కనిపించని రోజున వచ్చే ఫిర్యాదులు కూడా తగ్గాయి. ఖాయమని ఎవరూ అమ్మలేదు కదా.

ఇప్పుడు ఎవరైనా యజమాని గైడ్లకు శిక్షణ ఇమ్మని పిలిస్తే, ముందు టిప్పులు ఎలా పంచుతారో, ప్రకటనలో ఏ ఫోటో ఉందో అడుగుతాను. ఈ రెండూ మార్చడానికి సిద్ధంగా లేని చోట నీటిలో శిక్షణకు నేను ఒప్పుకోను.

పంకా దెబ్బల సమస్య మాత్రం అలాగే ఉంది. ఈతగాళ్లు ఎంత బాగా నడుచుకున్నా, విమానాశ్రయానికీ దీవులకూ మధ్య రీఫ్ అంచు వెంట దూసుకుపోయే వేగపు పడవలను అది ఆపలేదు. ఆ పడవల దారిని అంచు నుంచి బయటికి జరపాలని, రక్షిత ప్రాంతంలో వేగం తగ్గించాలని ఆ గెస్ట్‌హౌస్ యజమాని, మరికొందరు కెప్టెన్లు దీవి కౌన్సిల్‌కు అర్జీ పెట్టారు. దానికి జతచేసినవి అతిథులు తీసిన ఎడమ పక్క ఫోటోలు: ఒకే సొర, ఒకే చుక్కలు, ముందు మచ్చ లేకుండా, తర్వాత రెక్క మీద కోతతో.